ఒపేరా హౌస్ గోడమీద నేను రాసిన పేరు

రియాద్‌లో మలాజ్ పేటలో ఒక పాత నాటకశాల ఉంది. ఇప్పుడు దానికి కొత్త గాజు తలుపులు పెట్టారు, మెట్లకి కొత్త రాయి పరిచారు. లోపలికి అడుగుపెట్టగానే ఎడమచేతి గోడమీద నిలువెత్తు ఇత్తడి పలక కనిపిస్తుంది. ఆ భవనం చరిత్రని దానిమీద అరబిక్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ చెక్కించారు. ఇంగ్లిష్ రాసింది నేనే. అందులో ఒక తప్పుంది. అది తప్పని నాకొక్కదానికే తెలుసు. టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు ఆ పలక ముందు నిలబడి ఫోటోలు దిగుతుంటే, నేను తేలు కుట్టిన దొంగలా పక్కనుంచి తప్పుకుని పోతాను.

ఆ హాలుకి మూడు పేర్లు. అరబ్బులు మస్రహ్ అంటారు, అంటే నాటకశాలే. పాకిస్తానీ టాక్సీవాళ్లకి "పురానా హాల్" అంటే చాలు, తీసుకెళ్లి దింపేస్తారు. మా ప్రాజెక్టు కాగితాల్లో మాత్రం "ఓల్డ్ ఒపేరా హౌస్". నిజానికి అందులో ఒపేరా అనేది ఒక్కనాడూ జరగలేదు. డ్రాయింగులు గీసిన విదేశీ ఆర్కిటెక్టు వాటిమీద ఆ మాట రాసుకున్నాడు, అది అలాగే అతుక్కుపోయింది. మలాజ్‌లో ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లు వరసగా లేస్తున్న కాలంలో కట్టారట. కొన్నేళ్లు పాటకచేరీలూ నాటకాలూ నడిచాయి. తర్వాత అలాంటివి బహిరంగంగా జరగని కాలం వచ్చింది, తాళం పడింది. ఆపైన ముప్ఫై ఏళ్లకు పైగా అది గోడౌనే. పరీక్షల బల్లలు, విరిగిన కుర్చీలు, పీకేసిన కిటికీ ఏసీలు, ఎవరివో తెలియని బీరువాలు. నేను మొదటిసారి లోపలికి వెళ్లినప్పుడు స్టేజీ మీద ఏసీలు తలెత్తి చూసేంత ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటిమీద పావురాలు కాపురం పెట్టాయి.

నేను పాత కట్టడాల మరమ్మతు చదువుకున్న ఆర్కిటెక్టుని. మాది గోదావరి వైపు. మా ఆయన ఐటీ ఉద్యోగానికి ఇక్కడికొస్తే వెనకాలే వచ్చి, రెండేళ్లు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుని, చివరికి ఒక కన్సల్టెన్సీలో చేరాను. ఈ హాలుని మళ్లీ తెరుస్తున్నారు, దాని చరిత్ర రాయాలి అన్నప్పుడు ఎగిరి గంతేశాను. తీరా చూస్తే కాగితాలేవీ లేవు. ఉన్న డ్రాయింగుల్లో సగం చెద తినేసింది. మిగిలిన సగంలో నన్ను వేధించిన సంగతి ఒక్కటే. స్టేజీ పైన కమాను చుట్టూ జిప్సంతో చేసిన పువ్వులున్నాయి, వందల్లో. డ్రాయింగులో ఒక్కో పువ్వుకీ ఎనిమిది రెక్కలు. గోడమీద చూస్తే అయిదే. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు? మా మేనేజరుకి కూడా ఈ చిక్కుముడి మీదే కన్ను.

దాన్ని విప్పింది ఆ గోడౌను కాపలా మనిషి. కరెంటు, నీళ్లు, పావురాల రెట్ట, అన్నీ ఆయనే చూసుకునేవాడు. జగిత్యాల వైపు మనిషి, అరవై దాటాయి, పాతికేళ్లకు పైగా ఆ ఒక్క బిల్డింగులోనే పని. ఒకరోజు నేను ఫోన్లో మా అమ్మ మీద కస్సుబుస్సులాడుతుంటే విని దగ్గరికొచ్చాడు.

"తెలుగేనా? ఏ ఊరు బిడ్డా మనది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. సైటు మీద అందరూ ఇంజినీర్ మేడం అని ఒకటికి రెండుసార్లు వంగి మాట్లాడుతుంటే, ఈయనెవరు బిడ్డా అనడానికి? అప్పట్లో నా బుద్ధి అంత లక్షణంగా ఉండేది. ఊరు పేరు చెప్పి మొహం తిప్పుకున్నాను. ఆయన అదేం పట్టించుకోలేదు. మర్నాటినుంచి నాకోసం ఒక కుర్చీ తుడిచి ఉంచేవాడు, ఫ్లాస్కులో చాయ్ తెచ్చేవాడు. తాగేదాన్ని. ఇంటికెళ్లి ఆయన యాసని అనుకరించి మా ఆయన్ని నవ్వించేదాన్ని కూడా. ఈ ముక్క రాస్తుంటే చెంపలు మండుతున్నాయి.

ఒక మధ్యాహ్నం నేను కమాను కింద నిలబడి పువ్వులు లెక్కపెడుతుంటే ఆయన వెనకనుంచి అన్నాడు.

"ఎనిమిది రెక్కల పువ్వు ఎట్లుంటదో మా బాపుకు ఏమెర్క బిడ్డా? ఆయనకు ఎర్కున్నది తంగేడు. దానికి అయిదే రెక్కలు. గందుకే అయిదు జేసిండు."

నా ప్రాణం లేచొచ్చింది. నోటుబుక్కు తీశాను.

"బాపు చేశాడా ఇవన్నీ? ఒక్కడేనా?"

"ఒక్కడే. అచ్చులు గూడ ఆయనే కోసుకున్నడు. సగం గోడకు అతికినంక గని ముదీర్ లెక్క వెట్టలే. గప్పుడు ఏం జేస్తరు? మంచిగనే ఉన్నయ్, కానియ్ అన్నరట."

ముదీర్ అంటే ఇక్కడ పైఅధికారి. అంటే మార్చినవాళ్లెవరూ లేరు. చేసిన మనిషికి తెలిసిన పువ్వే గోడెక్కింది. ఇంత మంచి సంగతి ఏ కాగితంలో దొరుకుతుంది? నేను గబగబా రాసుకుంటూ అడుగుతున్నాను.

"బాపుది కూడా మీ ఊరేనా?"

"అవ్ మల్ల. మా ఊరు గాకుంటె ఇంకేడిది అయితది?" అని పకపకా నవ్వాడు, నేనేదో తమాషా ఆడినట్టు.

"ఇద్దరూ కలిసే వచ్చారా ఇక్కడికి?"

"లే లే. బాపు అచ్చినప్పుడు నేను గింతంత ఉన్న. ఆయన ఇంటికి మర్లి అచ్చినంక మస్తేండ్లకు నేనచ్చిన. ఇదే బిల్డింగుల వెయ్యమని కాళ్లు మొక్కి అడిగిన."

ఎందుకు కాళ్లు మొక్కి అడిగాడో అడగాలి కదా ఎవరైనా? నేను అడగలేదు. మా వైపు బాపు అంటే మనిషి పేరే. ఆ బాపు ఈయన ఊరివాడు, వయసులో పెద్దవాడు, మంచి పనివాడు, అంతే. అర్థం కానివి కొన్ని ఉన్నాయి, నిజమే. కానీ నాకొక దిక్కుమాలిన అలవాటు ఉంది. తెలియని సంగతి ఎదురైతే తెలిసినట్టు తలాడిస్తాను. అందులోనూ తెలుగు మాట ఒకటి నాకు తెలియదని ఆ పనివాడి ముందు ఎలా ఒప్పుకుంటాను?

ఆయన నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, ఈడ బోర్డు పెడ్తరట గద, బిల్డింగు ముచ్చట రాసి. మా బాపు ప్యేరు గూడ రాస్తవా? ఊర్ల ఎవ్వలు నమ్మలే. అరబ్బు దేశంల సిమెంటు మోసిండు గని పువ్వులు జేసిండా అని నవ్విండ్రు. పని జేస్తున్న ఫోటో లేదు, కాయితం లేదు. సచ్చేదాక చెప్పుకుంటనే ఉన్నడు పాపం. బోర్డు మీద ప్యేరుంటె ఫోటో తీస్కపోయి సూపెడ్త. ఆయన అబద్ధం ఆడలే అని తెల్వాలె. నేను గూడ పోతె ఇగ ఎవ్వలు చెప్తరు?"

"రాస్తాను. తప్పకుండా రాస్తాను" అన్నాను. ఆ మాట మాత్రం మనసులోంచే అన్నాను.

"అయితె రాసుకో. ఇంటిప్యేరుతోని చెప్పాల్నా? మా బాపు ప్యేరు..."

బయట కారు వచ్చి హారన్ కొడుతోంది. నాలుగింటికి మీటింగు.

"రాసుకున్నాను పెద్దాయనా, ఇదిగో చూడండి" అని నోటుబుక్కు ఆయన మొహం ముందు పెట్టాను. పేజీ మీద ఇంగ్లిష్‌లో బాపు అని పెద్దక్షరాలు, కింద రెండు గీతలు. ఆయనకి ఇంగ్లిష్ రాదు. అయినా ఆ గీతల వంక చూసి తృప్తిగా తలూపాడు. చెప్పబోయిన పేరు నోట్లోనే ఉండిపోయింది. నేను కారెక్కేశాను.

మీటింగులో నా వెలుగు చూడాలి! తంగేడు పువ్వు ఫోటో తెర మీద పెట్టాను, పక్కన కమాను పువ్వు పెట్టాను. రెక్కలు లెక్కపెట్టి చూపించాను. ఎప్పుడూ పెదవి విరిచే మా మేనేజరు లేచి నిలబడి, ఈ బిల్డింగుకి ప్రాణం ఈ బాపే అన్నాడు. ఆరోజునుంచి మా ఆఫీసులో ఆ కమాను పేరు "బాపు ఆర్చ్" అయిపోయింది. పలకమీద ఆయనకోసం ఒక పేరా అదనంగా ఇచ్చారు. "ఈ పువ్వులు చేసినది బాపు అనే భారతీయ శిల్పి" అని రాశాను. అరబిక్ అనువాదకుడు పేరు ఎలా పలకాలని ఫోన్ చేస్తే, రెండుసార్లు పలికి మరీ చెప్పాను.

పలక చెక్కడం మొదలైన వారంలో ఒక శుక్రవారం తెలుగువాళ్లం నాలుగు కుటుంబాలవాళ్లం కలిసి భోజనాలు పెట్టుకున్నాం. అందులో ఒక డాక్టరుగారిది కరీంనగర్. చేతిలో పులిహోర ప్లేటు పట్టుకుని వీడియో కాల్ మాట్లాడుతున్నాడు.

"బాపూ, మందులేసుకున్నవా? అన్నం తిన్నవా?"

ఫోన్ పెట్టేశాక నేను నవ్వుతూ అడిగాను. "ఎవరండీ ఈ బాపు, మీ స్నేహితుడా? నాకూ ఒక బాపు తెలుసు."

"మా నాన్నండీ" అన్నాడు ఆయన. "మా వైపు నాన్నని బాపు అనే పిలుస్తాం. మీకు తెలీదా?"

తల కొట్టేసినట్టయింది. తెలుసన్నట్టు తలాడించాను, చూడండి నా బతుకు, అప్పుడు కూడా! చేతులు కడుక్కునే నెపంతో బాత్రూములోకి పోయి తలుపేసుకున్నాను. బాపు అచ్చినప్పుడు నేను గింతంత ఉన్న. ఇంకేడిది అయితది. కాళ్లు మొక్కి అడిగిన. ఒక్కొక్క మాటా ఇప్పుడు తిన్నగా అర్థమవుతోంది. పువ్వులు చేసింది ఆయన కన్నతండ్రి. కొడుకు పాతికేళ్లు ఏసీలకీ పావురాలకీ కాపలా కాసింది ఆ పువ్వుల కోసం. నేనేమో "ఈ పువ్వులు చేసినది నాన్న అనే శిల్పి" అని ఇత్తడి మీద చెక్కిస్తున్నాను.

సరిచేయొచ్చు. అదేమంత కష్టం కాదు. ఆయన్ని అసలు పేరు అడగాలి, మేనేజరుకి ఒక మెయిలు పెట్టాలి, నేను పొరబడ్డాను అని రాయాలి. ఆ మూడో పని దగ్గరే ఆగిపోయాను. మెయిలు రాశాను, చెరిపేశాను. మళ్లీ రాశాను. బాపు ఆర్చ్ అని గొప్పగా చెప్పుకుంటున్న మనుషుల ముందు, నా భాషలో నాన్న అనే మాట నాకే తెలియలేదండీ అని ఎలా చెప్పుకోను? పరువు పోతుంది. ఆ పరువు ఎంతపాటిదో ఇప్పుడు తెలుస్తోంది కానీ అప్పుడు కొండంతలా కనిపించింది. రేపు పంపిద్దాం, ఎల్లుండి పంపిద్దాం అనుకుంటూ ఉండగానే పలక వచ్చేసింది, గోడకి బిగించేశారు.

ఆ వారంలోనే పెద్దాయన ప్రయాణం. హాలు కొత్త నిర్వాహకుల చేతికి పోతోంది కాబట్టి పాతవాళ్లందరికీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశారు. ఇక తిరిగొచ్చేది లేదు. వెళ్లేముందు రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, నూనె రాసి తల దువ్వుకుని, నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"బిడ్డా, దా. ఆ పలక మీద ఏం రాసినవో జర సదువు, నేనింట."

వెళ్లాను. హాల్లో మైకులు పరీక్షిస్తున్నారు. ఎవడో స్టేజీ మీద నిలబడి "వాహిద్, ఇత్నేన్" అని అంకెలు అరుస్తున్నాడు. ఆయన పలక ముందు గుడిలో నిలబడ్డట్టు చెప్పులు విడిచి నిలబడ్డాడు. నేను మొదటినుంచీ చదివి తెలుగులో చెప్తూ వచ్చాను. కట్టిన కాలం, పాటకచేరీలు, తాళం, తంగేడు పువ్వు. ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ వాక్యం దగ్గరికొచ్చాక ఆగిపోయాను. ఏమని చదవను? అక్కడ ఆ తండ్రి పేరు లేదు. ఉన్నట్టు చదువుదామన్నా ఆ పేరేమిటో నాకు తెలియదు.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. కాళ్లమీద పడి ఉండాల్సింది. నేను చేసింది ఏమిటంటే, గొంతులోకి ఎక్కడలేని ప్రేమా తెచ్చుకుని అన్నాను.

"పెద్దాయనా, ఈ ఒక్క ముక్కా మీ నోటితోనే చెప్పండి. మీ బాపు పేరు మీరే పలకండి. ఇదిగో, ఇక్కడుంది."

నా వేలు బాపు అన్న అక్షరాల కింద పెట్టాను. ఆయన కళ్లు నిండిపోయాయి. రెండుచేతులూ జోడించి, నేను వేలుపెట్టిన చోటునే చూస్తూ, తండ్రి పేరు చెప్పాడు. సరిగ్గా అప్పుడే స్పీకర్లు కీచుమని కూశాయి. ఆయన పెదవులు కదలడం చూశాను, పేరు వినబడలేదు. మళ్లీ చెప్పమని ఎలా అంటాను? అది పలకమీద ఉందని నేనే కదా చూపిస్తున్నాను!

"అదే. అదే ఉంది" అన్నాను.

ఆయన ఆ అక్షరాలని అరచేత్తో తడిమి, ఆ చెయ్యి కళ్లకద్దుకున్నాడు. నా చేతికి ఫోనిచ్చి, పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. అక్షరాలు బాగా పడ్డాయో లేదో చూడమన్నాడు. బాగానే పడ్డాయి. వెళ్తూ వెళ్తూ నా తలమీద చెయ్యిపెట్టి, "సల్లగుండు బిడ్డా" అని దీవించాడు.

మూడు వారాలు గడిచాయి. ఈలోపు మెయిలు పంపలేదు. పంపడానికి ఇప్పుడు పేరు కూడా లేదు కదా అని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. ఒక శుక్రవారం నేను వంకాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది. ఆయనే. వెనకాల పిల్లల గోల, గిన్నెల చప్పుడు, ఎవరో ఆడమనిషి ఎవర్నో కేకలేస్తోంది. కుశల ప్రశ్నలయ్యాక ఆయన కాస్త తటపటాయించాడు.

"బిడ్డా, ఏమనుకోకు. మా మనుమరాలు ఇంగ్లీషు బడికి పోతది. ఫోటో సదివింది. బాపు అని ఉన్నదట గద? ప్యేరు లేదట. మల్ల సదువు, మంచిగ సదువు అన్న. మూడుసార్లు సదివింది."

కత్తిపీట పక్కకి నెట్టాను. వచ్చింది అవకాశం, చెప్పేయ్, చెప్పేయ్ అని లోపల ఎవరో నన్ను కుదిపేస్తున్నారు. క్షమించండి అనాలి, మీ నాన్నగారి పేరు చెప్పండి, ఇవాళే మెయిలు పెడతాను అనాలి. నోరు తెరిచాను కూడా.

నేను మాట్లాడేలోపే పాపం ఆయనే భయపడ్డాడు, నన్ను నొప్పించానేమోనని.

"తప్పు పడ్తలేను బిడ్డా. నేనే చెప్పిన ఇంట్ల అందరికి. మా మేడం సదువుకున్నది, పద్ధతి ఎర్కున్నది. పెద్దమనిషిని ప్యేరు వెట్టి పిలుస్తమా? గందుకే బాపు అని మర్యాదగ రాసింది అన్న. మా అవ్వ గూడ సచ్చేదాక మొగని ప్యేరు నోట్లెకు రానియ్యలే. గంతేనా బిడ్డా?"

పొయ్యి మీద నూనె కాగిపోతోంది. స్టవ్ కట్టేశాను.

"అవును" అన్నాను. "అందుకే అలా రాశాను."

"సూసిండ్రా!" అని ఆయన ఫోన్ పక్కకి తిప్పి ఇంట్లోవాళ్లతో గట్టిగా అన్నాడు. "నేను జెప్పలే? మర్యాద కోసమే రాసిందట." ఎవరో నవ్వారు. మనుమరాలు కాబోలు, నాకు ఇంగ్లిష్‌లో థాంక్యూ చెప్పింది. పండగకి తప్పకుండా మా ఇంటికి రావాలి, బాపు ఫోటోకి దండేసి ఆ పలక ఫోటో పక్కనే పెట్టాం, చూద్దువుగానీ అన్నాడు ఆయన.

నంబరు నా దగ్గరే ఉంది. ఏ రోజైనా చేసి అడగొచ్చు. అడగాలంటే ఆ రోజు వేలుపెట్టి చూపించింది అబద్ధమని చెప్పాలి, ఈ అవును కూడా అబద్ధమేనని చెప్పాలి. ఏడాది దాటింది. నేను మర్యాద తెలిసిన మనిషినని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన తండ్రి పేరేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.